షీల్డు ఎవరికి, కుర్చీలు ఎవరికి?



సంక్రాంతి వెళ్ళింది. అనకాపల్లి మార్కెట్లో బెల్లం దిమ్మలు నిండుగా దిగుతున్నాయి. ఇంకో నెలలో రంజాన్. ఈసారి రోజాలూ టెన్త్ పరీక్షలూ కలిసే వస్తున్నాయి. మా తాలీమీ కమిటీ వాట్సాప్ గ్రూపులో ఏటా వచ్చే మెసేజ్ అప్పుడే వచ్చేసింది. "టెన్త్‌లో 500 పైన మార్కులు తెచ్చుకున్న మన పిల్లల పేర్లు రిజల్ట్స్ వచ్చిన వారం లోపల ఇవ్వగలరు. షీల్డు, సర్టిఫికెట్, శాలువా ఇవ్వబడును." దాని కింద వరసగా మాషా అల్లాహ్‌లు, జజాకల్లాహ్‌లు. నేను ఏమీ పెట్టలేదు.

ఆ రూలు రాసింది నేనే. అందుకే ఈ నాలుగు మాటలు.

మీలో చాలామందికి తెలుసు, నాది జిరాక్స్, స్టేషనరీ దుకాణం. కౌమ్ పిల్లలు ఒకటో క్లాసు పలక నుంచి ఇంటర్ అప్లికేషన్ దాకా నా కౌంటర్ ముందునుంచే పెరుగుతారు. ఎవరు ఎలా చదువుతారో వాళ్ళ టీచర్లకి తెలుస్తుంది. ఎవరు ఎవరి కోసం వచ్చి నిలబడతారో నాకు తెలుస్తుంది. ఆ రెండూ ఒకటి కాదని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటిన రోజు. పొద్దున మొదలైన గాలి సాయంత్రానికి కానీ తగ్గలేదు. మా మొహల్లాలో సగం ఇళ్ళ రేకులు లేచిపోయాయి. కరెంటు స్తంభాలు పడిపోయాయి, మోటార్లు ఆగిపోయాయి, తాగే నీళ్ళు లేవు. రెండో రోజు మగ్రిబ్ తర్వాత చీకట్లో మేం పెద్దలం మస్జిద్ అరుగు మీద కూర్చుని మష్వరా చేస్తున్నాం. ఎమ్మార్వోకి అర్జీ పెట్టాలా, ఎమ్మెల్యే దగ్గరికి వెళ్ళాలా, వెళ్తే ఎవరు ముందు మాట్లాడాలి. గంటసేపు అదే గొడవ.

అదే సమయంలో తొమ్మిదో క్లాసు అబ్బాయి ఒకడు, ఒక వెల్డింగ్ పనివాడి కొడుకు, నలుగురు దోస్తుల్ని వెంటేసుకుని నోట్‌బుక్‌తో గల్లీ గల్లీ తిరిగొచ్చాడు. ఎవరింట్లో పాలు తాగే బిడ్డ ఉంది, ఏ బుజుర్గ్‌కి మందులు అయిపోయాయి, ఎవరి కప్పు మొత్తం పోయింది, అన్నీ రాసుకున్నాడు. రెండు వీధుల అవతల పాత చేతి బోరింగు ఒకటి పనిచేస్తోందని కనిపెట్టి, బిందెలకి వరస పెట్టించాడు. ముందు పసిపిల్లల తల్లులు, తర్వాత ముసలివాళ్ళు, ఆ తర్వాత మిగతావాళ్ళు. షామియానా దుకాణం ఆయన్ని బతిమాలి రోజుకో గంట జనరేటర్ వేయించాడు. సెల్‌ఫోన్లన్నీ మస్జిద్‌లో ఛార్జింగ్. ఏ ఫోన్ ఎవరిదో కాగితం ముక్క అంటించి మరీ.

నేను అడిగాను, "ఎవరు చెప్పార్రా నీకు ఇదంతా?"

"ఎవరూ చెప్పలేదు చాచా. చెప్పాలా?" అన్నాడు.

మూడో రోజు తహసీల్దార్ ఆఫీసు నుంచి మనుషులొస్తే మేం చూపించింది మా అర్జీ కాదు, వాడి నోట్‌బుక్.

2016లో వాడు టెన్త్ రాశాడు. అప్పట్లో మార్కులు కాదు, గ్రేడ్ పాయింట్లు ఇచ్చేవారు. పదికి తొమ్మిది దాటినవాళ్ళకే ఇనామ్ అని రూలు పెట్టింది సెక్రటరీగా నేను. మార్కులు మళ్ళీ వచ్చాక దాన్ని 500గా మార్చింది కూడా నేనే. వాడికి ఏడు చిల్లర వచ్చింది. ఫంక్షన్ రోజు పొద్దున్నే వచ్చి హాల్లో కుర్చీలు వేశాడు, మైకు కట్టాడు, వచ్చినవాళ్ళకి నీళ్ళు అందించాడు. నేను స్టేజి మీద పేర్లు చదువుతుంటే కింద నుంచి సైగ చేసి అడిగాడు, ఇంకో వరస వెయ్యమంటారా అని. వెయ్యమని నేనూ చేత్తోనే చెప్పాను. ఆ రోజు వాడికీ నాకూ జరిగిన మాటలు అంతే.

తర్వాతి నెలలో గాజువాకలో ఏసీ మెకానిక్ దగ్గర చేరాడు. ఇప్పుడు దమ్మామ్‌లో ఉన్నాడు.

షీల్డు ఇచ్చి ఉంటే ఇంటర్ చదివేవాడని నేను అనను. ఇంట్లో అప్పులున్నాయి, ఇద్దరు చెల్లెళ్ళు. ఏసీ మెకానిక్ హలాల్ రోజీ, అందులో తక్కువతనం ఏమీ లేదు. కానీ ఆ రోజు స్టేజి మీద ఐదుగురం పెద్దలం కూర్చున్నాం. తుఫానులో ఐదుగురమూ వాడి నోట్‌బుక్ చేత్తో పట్టుకున్నవాళ్ళమే. వీడి అబ్బాతో ఒకసారి మాట్లాడదాం, పాలిటెక్నిక్‌లో చేర్పించే దారేదైనా ఉందేమో చూద్దాం అని ఒక్కరికీ తట్టలేదు. తట్టాల్సింది నాకు. రూలు నాది.

ఆ తుఫాను పేరు గురించి ఒక మాట. హుద్‌హుద్ అనే పేరు ఇచ్చింది ఒమన్ దేశం. అది ఖుర్ఆన్‌లో, సూరె నమ్ల్‌లో వచ్చే పిట్ట. హజ్రత్ సులైమాన్ అలైహిస్సలామ్ లష్కర్‌లో అది కనపడలేదని ఆయనకి కోపం వస్తుంది. అది తిరిగొచ్చి, మీకు తెలియని ఖబర్ ఒకటి నేను తెచ్చాను అంటుంది, సబా రాజ్యం గురించి. అంత పెద్ద బాద్‌షా, పైగా పైగంబర్, ఒక పిట్ట మాట విని, నిజమో కాదో పరీక్షించి, దాని చేతికే ఉత్తరం ఇచ్చి పంపాడు. పిట్టకి బాధ్యత అప్పజెప్పాడన్న మాట. జుమా బయాన్‌లో ఈ కిస్సా ఎన్నిసార్లు విన్నామో. విన్నది పిట్ట కథగానే విన్నాం.

మార్కులకి ఇనామ్ వద్దని నా మాట కాదు. సచార్ కమిటీ 2006లో ఇచ్చిన రిపోర్టు ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ ముస్లిం పిల్లల్లో నూటికి పాతిక మంది అసలు బడికి వెళ్ళనివాళ్ళో, మధ్యలో మానేసినవాళ్ళో. అలాంటి కౌమ్‌లో మార్కులకి చప్పట్లు కొట్టడం ఫర్జ్ లాంటిదే. 2007లో వచ్చిన నాలుగు శాతం బీసీ-ఇ రిజర్వేషన్ తర్వాత డాక్టర్లు, ఇంజనీర్లు అయిన పిల్లల్ని నా కళ్ళతో చూశాను, వాళ్ళ సర్టిఫికెట్లు జిరాక్స్ తీసింది నేనే. గవర్నమెంటు కూడా మార్కులనే చూస్తుంది. 2023లో ఆణిముత్యాలన్నారు, 2025లో షైనింగ్ స్టార్స్ అన్నారు. పార్టీ మారింది, పేరు మారింది, కొలత మాత్రం మార్కులే. సర్కారుకి వేరే దారి లేదనుకోండి. లక్షల మంది పిల్లల్లో ఎవరు బోరింగు దగ్గర వరస పెట్టించారో విజయవాడలో కూర్చుని ఎవరికి తెలుస్తుంది?

మనకి తెలుస్తుంది. మొహల్లా అంటే మూడు వందల గడపలు. మనకీ తెలియకపోతే అది తెలియకపోవడం కాదు, చూడకపోవడం.

మన బెల్లం మార్కెట్ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. రంగు తెల్లగా, మెరుస్తూ ఉన్న దిమ్మకి రేటెక్కువ. ఆ రంగు కోసం పాకంలో హైడ్రోస్ కలుపుతారని పాట పాడేవాడికీ తెలుసు, కొనేవాడికీ తెలుసు. ఇంటికి మాత్రం మందు కలపని ముదురు రంగు బెల్లం అడిగి పట్టుకెళ్తారు. పిల్లల దగ్గరికొచ్చేసరికి మనం పాట మాత్రమే పాడుతున్నాం.

నా దుకాణానికి వచ్చే ఒక అమ్మాయి గురించి చెప్తాను. పేరు చెప్పను, వాళ్ళ అబ్బాకి నచ్చదు. ఇప్పుడు టెన్త్. చదువులో మామూలు, లెక్కల్లో కష్టపడుతుంది. కానీ ఉత్తరాంధ్రలో మన ఆడవాళ్ళ కష్టం ఏమిటో దానికి తెలిసినంతగా కమిటీలో ఎవరికీ తెలియదు. ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, చదవడం అరబీ అక్షరాల వరకే, బయట కాగితమంతా తెలుగు. సచివాలయంలో అంటించిన నోటీసు చదవలేరు. చదివించుకోవడానికి మగవాళ్ళు పనుల్లో ఉంటారు. 2025 జూన్‌లో తల్లికి వందనం డబ్బులు పడేటప్పుడు, ఆధార్ బ్యాంకు ఖాతాకి ఎన్‌పీసీఐలో లింకు కాలేదని మొహల్లాలో చాలామంది తల్లులకి ఆగిపోయాయి. లింకు అంటే ఏమిటో వాళ్ళకి తెలియదు. ఈ పిల్ల పదకొండు మంది ఖాలాల్ని వెంటబెట్టుకుని మొదట సచివాలయానికి, తర్వాత బ్యాంకుకి వెళ్ళింది. ఎవరి కాగితం ఎక్కడ ఆగిందో ఒక పట్టీ రాసుకుంది. జిరాక్స్‌కి నా దగ్గరికొస్తే ఆ పట్టీ చూశాను. ఒక పేరు ఎదురుగా ఇలా రాసి ఉంది: "వేలిముద్ర పడటం లేదు, మళ్ళీ మంగళవారం." బట్టలు ఉతికి ఉతికి ఆవిడ వేళ్ళు అరిగిపోయాయట. ఆ మంగళవారం కూడా వచ్చింది.

దాన్ని నేను అడిగాను, పెద్దయ్యాక ఏమవుతావు బేటీ అని. "తెలీదు చాచా. టెన్త్ అయ్యాక మానిపిస్తారేమో" అంది, చిల్లర లెక్కపెట్టుకుంటూ.

మన కమిటీ రూలు ప్రకారం ఈ పిల్ల రేపు షీల్డుకి పనికిరాదు. 430 వస్తే గొప్ప.

నాయకత్వం అంటే మైకు అనుకోవడం మనకి ఒక బీమారీ. బాగా మాట్లాడే పిల్లాణ్ణి చూసి లీడర్ అవుతాడు అంటాం. మాట్లాడటం మంచిదే. 2025 నవంబర్ 26న, రాజ్యాంగ దినోత్సవం నాడు, అమరావతిలో విద్యార్థుల మాక్ అసెంబ్లీ పెట్టారు. నియోజకవర్గానికి ఒకరు చొప్పున 175 మంది స్కూలు పిల్లలు, వాళ్ళే ముఖ్యమంత్రి, వాళ్ళే ప్రతిపక్షం, వాళ్ళే స్పీకర్. టీవీలో చూశాను, ముచ్చటేసింది. 175లో మన అనకాపల్లి కూడా ఒకటే కదా, ఎంపికలకి మన పిల్లలు ఎంతమంది వెళ్ళారని గ్రూపులో అడిగాను. ఎంపికలు జరిగిన సంగతే చాలామంది తల్లిదండ్రులకి తెలియదు. తెలిసిన ఒకరిద్దరు, పరీక్షల ముందు ఇవన్నీ ఎందుకన్నారు.

దానికి తోడు ఇంకో తమాషా. ఎలక్షన్లప్పుడు మాత్రం పదిహేనేళ్ళ పిల్లల్ని బైకు ర్యాలీకి పంపడానికి ఎవరికీ పరీక్షలు అడ్డురావు. జెండా, పెట్రోలు, బిర్యానీ పొట్లం. దాన్ని యూత్ లీడర్‌షిప్ అని ఫ్లెక్సీ మీద వేస్తారు. ఆ ఫ్లెక్సీ మీద దండం పెట్టిన పిల్లాడికి వార్డులో కుళాయి ఎందుకు రావడం లేదో తెలియదు, ఎవర్ని అడగాలో తెలియదు. మన పిల్లల్ని ఎవరో వాడుకుంటున్నారని మనం ఎవరెవరినో తిడతాం. మనం వాళ్ళకి ఏ పనీ ఇవ్వలేదు కాబట్టే పని ఇచ్చినవాడి వెనక వెళ్తున్నారు.

దీన్ వైపు నుంచి చూసినా మన పద్ధతి నాకు వింతగానే ఉంటుంది. బుఖారీ షరీఫ్‌లో అమ్ర్ బిన్ సలమా అనే సహాబీ తన చిన్ననాటి సంగతి చెప్తారు. బాటసారులు ఆగే నీటి తావు దగ్గర వాళ్ళ ఖబీలా ఉండేది. వచ్చేపోయేవాళ్ళ దగ్గర వింటూ ఆ పిల్లాడు ఖుర్ఆన్ నేర్చేసుకున్నాడు. ఖబీలా ఇస్లాం స్వీకరించాక, ఎవరికి ఎక్కువ ఖుర్ఆన్ వస్తే వాళ్ళు నమాజ్ చేయించాలన్నారు. వెతికితే ఆ పిల్లాడే. ఆరేడేళ్ళవాడు. వాణ్ణే ముందు నిలబెట్టారు. వాడి ఒంటి మీద ఉన్నది పొట్టి దుప్పటి. సజ్దాలోకి వెళ్తే వెనక పైకి లేచిపోయేది. ఒక ఆవిడ చూసి, ముందు మీ ఖారీ గారికి గుడ్డ కప్పండి అంది. అందరూ కలిసి బట్ట కొని చొక్కా కుట్టించారు. ఆ చొక్కాకి కలిగినంత సంతోషం ఇంక దేనికీ కలగలేదని పెద్దయ్యాక కూడా ఆయన చెప్పుకున్నారు.

నాబాలిగ్ ఇమామత్ చేయవచ్చా లేదా అన్నది ఫిఖ్ మసలా, ఉలమా మధ్య ఇఖ్తిలాఫ్ ఉంది, అది వాళ్ళకే వదిలేద్దాం. నా కళ్ళు ఆ చొక్కా మీద ఉన్నాయి. వాళ్ళు పిల్లాడి ఖాబిలియత్ గుర్తించారు, పని అప్పజెప్పారు, లోటు కనపడగానే పిల్లాణ్ణి వెనక్కి లాగలేదు, లోటు పూడ్చారు. మన దగ్గరైతే, చూశారా, సతర్ కూడా తెలియని పిల్లాణ్ణి ముందు నిలబెట్టారని నెల రోజులు పంచాయితీ నడిచేది.

హజ్రత్ ఉసామా బిన్ జైద్ కిస్సా అందరికీ తెలిసిందే. పద్దెనిమిదేళ్ళు అటూ ఇటూ ఉన్న కుర్రాడు లష్కర్‌కి సర్దార్, ఆయన కింద పెద్ద పెద్ద సహాబా. కొందరు గొణిగారు కూడా. హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం వెనక్కి తగ్గలేదు. ఆయన వఫాత్ తర్వాత ఖలీఫా అబూబకర్ రజియల్లాహు అన్హు ఆ కుర్రాణ్ణి సాగనంపుతూ, అతను గుర్రం మీద ఉండగా తాను పక్కన నడిచారు. హజ్రత్ ఉమర్‌ని మదీనాలో ఉంచుకోవడానికి ఆ కుర్రాడి ఇజాజత్ అడిగారు. ఖలీఫా అడిగారు!

మరి మన మస్జిద్‌లో? తొమ్మిదో క్లాసు పిల్లాడు ముందే వచ్చి మొదటి సఫ్‌లో కూర్చుంటే, జమాత్ టైముకి వచ్చిన పెద్దమనిషి భుజం పట్టి వెనక్కి లాగుతాడు. పీఛే జావో. ఆ పిల్లాడు వెనక్కి పోయి నవ్వుతాడు, పక్కవాణ్ణి గిల్లుతాడు. సలామ్ తిప్పగానే మళ్ళీ మనమే, ఈ పిల్లలకి అదబ్ లేదు అంటాం.

మౌలానా ఆజాద్ పుట్టినరోజు నవంబర్ 11న మనం సభలు పెడతాం. ఆయన మొదటి విద్యామంత్రి అని మాత్రమే చెప్తాం. ఆయన 1903లో కలకత్తాలో లిసాన్-ఉస్-సిద్ఖ్ పత్రిక నడిపేనాటికి పదిహేనేళ్ళ కుర్రాడని ఎవరూ చెప్పరు. ఆయన రాతలు చదివి మెచ్చుకున్న అల్లామా షిబ్లీ నోమానీ, బొంబాయిలో మొదటిసారి కలిసినప్పుడు ఎదురుగా ఉన్న కుర్రాడే ఆజాద్ అని నమ్మలేక, ఆజాద్ మీ అబ్బాగారా అన్నట్టు అడిగారని కథ ఒకటి ప్రసిద్ధం. నాకు ఆజాద్ కంటే షిబ్లీ మీద ఎక్కువ ఇజ్జత్ కలిగేది దాని తర్వాతి సంగతికి. వయసు తెలిశాక చులకన చేయలేదు. తన అన్-నద్వా పత్రికలో పని ఇచ్చారు. లక్నోకి పిలిపించుకున్నారు.

అది పాతకాలం అంటారా, మన కాలంలోనే, మన తెలుగునాట నిజామాబాద్ చూడండి. నిఖత్ జరీన్ 2022 మే 19న ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది, 2023లో ఢిల్లీలో మళ్ళీ అయింది. అప్పుడు అందరం స్టేటస్ పెట్టుకున్నాం. కానీ 2011లో టర్కీలోనే, అంతల్యాలో, ఆ అమ్మాయి జూనియర్ ప్రపంచ టైటిల్ గెలిచినప్పుడు దాని వయసు పద్నాలుగు. అంటే దానికి ముందు, హైస్కూల్లో ఉండగానే, ఎవరో చూసి ఉండాలి. చూసింది వాళ్ళ అబ్బా జమీల్ అహ్మద్. మొదట పరుగు నేర్పించాడు. గ్రౌండ్‌లో బాక్సింగ్ చూసి అమ్మాయిలు ఎందుకు లేరని పిల్ల అడిగితే గ్లోవ్స్ తొడిగించాడు. నిక్కర్లు వేసుకుని ఆడపిల్ల ఏమిటని అన్నవాళ్ళు అన్నారు. నిఖత్‌ది ఆట, నేను మాట్లాడుతున్నది ఖిద్మత్, రెండూ ఒకటి కావని నాకూ తెలుసు. నేను చెప్పేది జమీల్ భాయ్ గురించి. దునియా చప్పట్లు కొట్టడానికి పదేళ్ళ ముందు ఒక్క మనిషి చూశాడు. మన మొహల్లాలో చూసే మనిషి ఎవరు?

పోయిన రంజాన్‌లో మేం చిన్న తజ్‌రుబా ఒకటి చేశాం. అది పూర్తిగా కామ్‌యాబ్ అయిందని చెప్పను, జరిగింది జరిగినట్టు చెప్తాను. మూడో అష్రా మొత్తం, పది రోజుల ఇఫ్తార్ ఇంతెజామ్ ఎనిమిది, తొమ్మిది క్లాసుల పిల్లలకి ఇచ్చేశాం. చందా వసూలు, ఖర్జూరాలు, పళ్ళు, గంజి, గిన్నెలు కడగడం, లెక్క, అన్నీ వాళ్ళే. లెక్క రాసేది అబ్బాయిలు కాదు, ఇంటి దగ్గర కూర్చుని ముగ్గురు అమ్మాయిలు. రాత్రికి రాత్రి అబ్బాయిలు చీటీలు తెచ్చివ్వాలి.

మొదటి రోజే ఖర్జూరాలు చాలలేదు. రెండు సఫ్‌లకి అందలేదు. సదర్ సాబ్ అందరి ముందూ అరిచారు. ఒకడు ఏడ్చి ఇంటికి వెళ్ళిపోయాడు. మర్నాడు మళ్ళీ ఇద్దరు పెద్దలు మేం చూసుకుంటాంలే అని గిన్నెలు తీసేసుకోబోయారు. ఇక్కడ నేను ఒక్క పని చేశాను, గొప్ప పనేం కాదు, వాళ్ళ చెయ్యి పట్టుకుని ఆపాను. మూడో రోజు నుంచి పిల్లలు అసర్ టైముకే తలుపు దగ్గర ఒకణ్ణి నిలబెట్టి వచ్చే మనుషుల్ని లెక్కపెట్టించడం మొదలెట్టారు. మేం ముప్పై ఏళ్ళుగా ఇఫ్తార్ పెడుతున్నాం, ఒక్కరోజూ లెక్కపెట్టలేదు. అందాజాకి తెస్తాం, మిగిలితే పారేస్తాం. ఈ పిల్లల పది రోజుల్లో పారేసింది చాలా తక్కువ.

చివర్లో లెక్కలో మూడు వందల నలభై రూపాయలు తేడా వచ్చింది. అబ్బాయిలు కప్పిపుచ్చుదామన్నారు, ఎవరి జేబులోంచో వేసేద్దామని. లెక్క రాసిన అమ్మాయిల్లో ఒకతె ఒప్పుకోలేదు. అది అమానత్, తేడా ఉంటే ఉందని చదవాలి అంది. జుమా తర్వాత చదివారు కూడా, మూడు వందల నలభై తేలలేదు అని. మస్జిద్ అంతా ఒక్క క్షణం నిశ్శబ్దం. నేను కమిటీలో ఉన్నన్నాళ్ళూ ఏ పెద్దమనిషీ అలా చదవగా వినలేదు. నేనూ చదవలేదు.

ఆ ముగ్గురు అమ్మాయిల పేర్లు మాత్రం ఎవరూ చదవలేదు. అబ్బాయిల పేర్లే చదివారు. అది మా తప్పు, ఈసారి దిద్దుకోవాలి.

ఈ మాటలు చెప్పినప్పుడల్లా నాకు రెండు జవాబులు వస్తాయి. ఒకటి, చదువు పాడవుతుంది. ఇది అమ్మీలు ఎక్కువ అంటారు, నాకు అర్థమవుతుంది. ఫీజు ఎక్కడి నుంచి తెచ్చి కడుతున్నారో నాకు తెలుసు. అయితే పది రోజుల ఇఫ్తార్ వల్ల పోయే మార్కులెన్ని, ఫోన్ వల్ల పోయేవెన్ని? ఆ లెక్క మీ ఇంట్లోనే తేల్చుకోండి. రెండోది, ఆడపిల్ల బయట తిరిగితే లోగ్ క్యా కహేంగే. ఈ మాట అనే ఇళ్ళలోనే డ్వాక్రా గ్రూపు లీడర్లుగా ఉన్న ఆడవాళ్ళని నాకు తెలుసు. లోన్ తేవాలంటే, బ్యాంకు మేనేజర్‌తో మాట్లాడాలంటే బుర్ఖా వేసుకుని ధైర్యంగా వెళ్తారు, ఎవరూ ఏమీ అనరు. అదే పని వాళ్ళ కూతురు పదిహేనేళ్ళప్పుడు నేర్చుకుంటే ఐబ్ ఎలా అవుతుంది? పర్దా పద్ధతి ఏ ఇంటిది ఆ ఇంటిది, నేను వేలు పెట్టను. ఇంట్లో కూర్చుని లెక్క రాసిన అమ్మాయి కంటే నిజాయితీగా బయట తిరిగిన అబ్బాయి పోయిన రంజాన్‌లో నాకు కనపడలేదు, అంతే.

ఒక భయం నాకూ ఉంది, దాచను. ఖిద్మత్‌కి ఇనామ్ పెడితే పిల్లలు ఇనామ్ కోసం ఖిద్మత్ చేస్తారేమో, రియా అవుతుందేమో. ఫోటో కోసం ముసలాయన చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించే వీడియోలు చూస్తూనే ఉన్నాం. అందుకే నేను ఇంకో షీల్డు పెట్టమనడం లేదు. చొక్కా కుట్టించమంటున్నాను. అంటే ఆ పిల్లకి ఏది తక్కువో అది. ఒకరికి పాలిటెక్నిక్ కోచింగ్ ఫీజు కావచ్చు. ఒకరికి స్కౌట్స్‌లోనో ఎన్‌సీసీలోనో చేరడానికి యూనిఫాం, బూట్లు కావచ్చు. ఇంకొకరికి డబ్బు అసలు అక్కర్లేదు, ఇద్దరు పెద్దలు ఇంటికి వెళ్ళి వాళ్ళ అబ్బా ఎదురుగా కూర్చుని, మీ అమ్మాయిని ఇంటర్ చదివించండి, కాలేజీకి మా పిల్లలతో కలిసి వెళ్తుంది అని చెప్పడమే కావాలి. మా జిరాక్స్ పట్టీ అమ్మాయికి కావాల్సింది ఇదే. దీనికి బడ్జెట్ ఏమీ లేదు. చెప్పులు వేసుకుని రెండు గల్లీలు నడవాలి.

పోయిన వారం దమ్మామ్‌కి ఫోన్ చేశాను. ఈ మాటలన్నీ వాడికి చెప్పి, అప్పట్లో తప్పు జరిగింది బేటా అన్నాను. వాడు నవ్వేశాడు. "నాకు షీల్డు గుర్తులేదు చాచా, ఆ నోట్‌బుక్ ఏమైంది?" అని అడిగాడు. వెతికాను. తహసీల్దార్ ఆఫీసు వాళ్ళు పట్టుకెళ్ళింది తిరిగి రాలేదు. అక్కడ వాడి క్యాంపులో మన తెలుగువాళ్ళకి ఇఖామా కాగితాల గొడవ వస్తే వాడి దగ్గరికే వస్తారట. అది కూడా వాడు చెప్పలేదు, పక్కనున్నవాడు ఫోన్ లాక్కుని చెప్పాడు.

ఈ ఆదివారం అసర్ తర్వాత తాలీమీ కమిటీ మష్వరా ఉంది. 500 రూలు అలాగే ఉంచి, దాని పక్కన ఇంకొకటి పెట్టమని నేను అడగబోతున్నాను. హైస్కూలు పిల్లల్లో మొహల్లాకి పనికొచ్చిన పిల్లల పేర్లు తల్లిదండ్రులు ఇవ్వకూడదు, పొరుగువాళ్ళు ఇవ్వాలి. మా అబ్బాయి చాలా మంచివాడు అంటే కుదరదు. ఎవరికి ఏ పని చేశాడో, ఆ సహాయం అందుకున్నవాళ్ళు వచ్చి చెప్పాలి. చదవడం రాని ఖాలాలు నోటితో చెప్తే చాలు, నేను రాసుకుంటాను. ఒప్పుకోకపోతే సెక్రటరీ పదవి వదిలేస్తానని బెదిరించే వయసు కాదు నాది, మళ్ళీ వచ్చే ఆదివారం అడుగుతాను.

కాగితం ఒకటి తయారు చేశాను. ఒక వైపు తెలుగు, ఇంకో వైపు ఉర్దూ. దుకాణంలో కౌంటర్ మీదే పెట్టాను, జిరాక్స్ డబ్బులు తీసుకోను. పదకొండు మంది ఖాలాల్లో నలుగురు ఇప్పటికే వచ్చి వేలిముద్ర వేసి వెళ్ళారు. వేలిముద్ర పడని ఆవిడ సంతకం చేస్తానంది. నేర్చుకుంటోందట, ఆ పిల్ల దగ్గరే.